కథలోని మనుషులు

మేడ్చల్, శామీర్‌పేటల నడుమ దేవరయాంజాల్ గ్రామమున శ్రీ సీతారామచంద్రస్వామివారి ఆలయము గలదు. ఒక శనివారము సాయంకాలము దర్శనము చేసికొని మంటపమున కూర్చుండియుంటిని. మా పొరుగింటి బాలిక, కళాశాల విద్యార్థిని, చేతనున్న ఫోనులో ఏదియో చదువుచు తనలో తాను నవ్వుకొనుచుండెను. "ఏమి చదువుచున్నావమ్మా?" అని యడిగితిని.

ఆమె చెప్పిన కథ వింతగా నుండెను. ఒక యువతి మరణించి, కన్ను తెరచునప్పటికి తాను చదివిన నవలలోనే ఒక పాత్రయై యుండును. అచ్చట వలపు ఫలించి, తనకు విధింపబడిన కార్యము ముగియగనే మరియొక కథాలోకమున కన్ను తెరచును. పూర్వలోకముల జ్ఞాపకము మాత్రము చెదరదు. ఆ బాలిక చదువుచున్నది తొమ్మిదవ లోకమట! చైనాదేశమున ఇట్టి కథలను 'క్వై చువాన్' అందురు. వేగముగ లోకములు దాటుట యని భావము. 2003లో ఆ దేశమున వెలసిన జిన్‌జియాంగ్ అను అంతర్జాల సాహిత్యవేదికలో ఇవి విరివిగా వెలువడినవి.

"మరి ఆమె విడిచిపోయిన లోకములలోని వారి గతి యేమి?" అంటిని.

"వాళ్లు కథలోని మనుషులే కదా, తాతా!" అని నవ్వి ఆమె తీర్థమునకై లేచెను. ఆ మాట నా మనస్సున నిలిచిపోయెను.

ఇట్టి కథలు చదువుట తప్పని చెప్పుట నా యుద్దేశము కాదు. మన భాషకు ఇవి బొత్తిగా క్రొత్తయు కావు. పదునారవ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే భూలోకమున నడచును. ద్వారకలోని కలభాషిణి మరుజన్మమున మధురలాలసయై, నారదశిష్యుడగు మణికంధరుడు కళాపూర్ణుడై, తిరిగి కలిసికొందురు. రూపములు మారును, జన్మములు మారును, వినోదమునకు కొదువలేదు. కావున విచారింపవలసినది కథను గూర్చి కాదు, "కథలోని మనుషులే కదా" అను భావమును గూర్చి.

నాలుగు వేదాంతపు మాటలు విన్నవారును ఒక్కొక్కప్పుడు ఈ మాటనే వేరొక రీతిగ పలుకుదురు. జగమంతయు నాటకమనియు, ఎన్నియో జన్మములు గడచిన జీవునకు ఈ జన్మమునందలి వారితో ఇంత పట్టింపేల యనియు అందురు. ఇది వైరాగ్యమా, నిర్లక్ష్యమా?

నా సంగతియే చెప్పుదును. ఉద్యోగరీత్యా ఏడు ఊళ్లు మారితిని. ప్రతి ఊరును బదిలీ ఉత్తరువు వచ్చువరకే గదా యని తలంచితిని. ఒక ఊరిలో నాలుగేండ్లు మా యింటికి నీరు మోసిన ముదుసలి యొకతె, మేము బయలుదేరు నాడు వచ్చి, మా పిల్లల తలలు నిమిరి కంటనీరు పెట్టుకొనెను. ఊరడింప నోరు తెరచితిని గాని, ఆమె పేరు నాకు తెలియదు. నాలుగేండ్లలో ఒక్కనాడైనను అడుగలేదు. అది నిర్మమత్వమని చాలకాలము అనుకొంటిని.

శ్రీమద్భాగవత పంచమస్కంధమున భరతుని చరిత్ర గలదు. తెలుగు భాగవతమున ఈ స్కంధమును రచించినవాడు గంగన. రాజ్యము విడిచి గండకీతీరమున తపస్సు చేయు భరతుడు, సింహగర్జనకు బెదరిన లేడి నీట జారవిడిచిన పిల్లను కాపాడెను. దానియందలి తగులముతో దేహము చాలించి లేడియై పుట్టెను. పిమ్మట విప్రుడై పుట్టెను. పూర్వజన్మముల జ్ఞాపకము అతనిని విడువలేదు. ఆ బాలిక కథలోని నాయిక వలె అతడును అన్నియు ఎరిగియే జన్మములు దాటినవాడు.

అట్టివానిని రహూగణ మహారాజు పల్లకి మోయుటకు పట్టుకొనిపోయిరి. అతడు భుజము పెట్టగనే పల్లకి ఊగిసలాడెను. కారణమేమి? కాలిక్రింద ఏ ప్రాణియు నలుగకుండ, బాణమంత దూరము ముందు చూచి అతడు అడుగు వేయుచుండెను. అందుచే తక్కిన బోయీల నడకతో అతని నడక కలియలేదు.

లేడిపిల్లను కాపాడుట భరతుని దోషము కాదు. దానికి తగులువడి హరిని మరచుటయే దోషము. మూడవ జన్మమున తగులము పోయెను, దయ పోలేదు. తగులము లేని దయ వైరాగ్యము. దయయు పోయినచో మిగులునది నిర్లక్ష్యమే.

భగవద్రామానుజులు జగత్తు సత్యమనిరి. చేతనాచేతనములన్నియు భగవంతునకు శరీరము. ఆయన వానికి ఆత్మ. అట్లయినప్పుడు మన యెదుట నిలిచినవాడు మన కథలో వచ్చిపోవు పాత్ర యెట్లగును? లీల యనునది ఆయనకే చెల్లును. ఆ లీలామయుడైనను తేలికగా వచ్చిపోలేదు. తన జన్మములన్నియు తనకు తెలియునని గీతలో అర్జునునకు చెప్పిన స్వామియే, రాముడై సీతకొరకు విలపించెను. జటాయువునకు తండ్రికి వలె దహనసంస్కారము చేసెను. అవతారము చాలించునాడు, తన్ను నమ్మిన అయోధ్యావాసులను విడిచిపోక వెంటగొనిపోయెను. విడిచిన లోకములోని వారి గతి యేమి యను నా ప్రశ్నకు సమాధానము ఆ గుడిలోని స్వామియందే యున్నది.

మరుసటి శనివారము ఈ సంగతులు ఆ బాలికకు చెప్పితిని. కొంతసేపు ఊరకుండి, "నాకు అన్నిటికన్న నచ్చిన కథలో ఆ అమ్మాయి ఇంకో లోకానికి పోదు, తాతా. వాళ్లను కథలోని మనుషులని అనుకోవడం మానేసిన చోటే ఉండిపోతుంది" అనెను. ఆ కథ వ్రాసినవారెవరో గాని, వారికి ధర్మము తెలియును.

క్షేత్రయాత్ర చేయు మనకు సత్రమున ఒక పూట కలిసినవారు, దర్శనపు వరుసలో ముందు నిలిచినవారు, త్రోవ ఊడ్చువారు కంటబడి మరల కనబడరు. వారందరితో జీవితాంతము కలిసియుండుట సాధ్యము కాదు. తగులము పెంచుకొమ్మని శాస్త్రమును చెప్పదు. ఉన్నంతసేపు వారు స్వామి శరీరమని ఎరిగి మెలగిన చాలును. ఆనాడు మంటపము ఊడ్చుచున్న ఆమె పేరు అడిగి తెలిసికొంటిని. ఎన్నియో ఏండ్లుగ ఆ గుడికి పోవుచున్నాను.