ఏడు జెర్సీల మనిషి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నోస్ టాకిల్ చేసే పని చూసేవాళ్లకు పనిలా కనిపించదు. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించే సెంటర్‌కు సరిగ్గా ఎదురుగా, చెయ్యి నేలకు ఆనించి వంగి ఉంటాడు. బంతి కదిలిన మరుక్షణం సెంటర్, పక్కనున్న గార్డ్ ఇద్దరూ అతని మీద పడతారు. ఎంత నెట్టినా జరగకుండా, ఆ ఇద్దరినీ తన దగ్గరే ఇరికించి ఉంచడం అతని బాధ్యత. వాళ్లు అక్కడ చిక్కుకుంటే వెనకనున్న లైన్‌బ్యాకర్‌కు అడ్డు తగిలేవాడు ఉండడు. ఆ లైన్‌బ్యాకర్ దూసుకొచ్చి బంతి పట్టినవాణ్ణి పడగొడతాడు, లెక్కల్లో టాకిల్ అతని పేరు మీదే పడుతుంది. శ్రమ ఒకరిది, ఖాతా మరొకరిది అయినప్పుడు పని విలువ ఎక్కడుంటుందనేది ఇక్కడ పుట్టే ప్రశ్న. ఆ పని చేసే మనిషిని జట్టు నుంచి జట్టుకు మారుస్తూ పోతే అతని నిష్ఠ దేనికి కట్టుబడి ఉండాలనేది దాని వెంటే వచ్చే మరో ప్రశ్న.

టెడ్ వాషింగ్టన్ జీవితంలో ఈ రెండు ప్రశ్నలూ కలుస్తాయి. ఫ్లోరిడాలోని టాంపాలో 1968లో పుట్టి, లూయీవిల్ విశ్వవిద్యాలయంలో ఆడి, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1991లో, మొదటి రౌండ్‌లోనే 25వ ఆటగాడిగా శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంపికయ్యాడు. 1994లో డెన్వర్, 1995 నుంచి 2000 దాకా బఫెలో, తర్వాత రెండేళ్లు షికాగో, 2003లో న్యూ ఇంగ్లాండ్, ఆపై రెండేళ్లు ఓక్లండ్, చివరి రెండేళ్లు క్లీవ్‌లాండ్. మొత్తం 17 సీజన్లు, 7 జట్లు. సగటు ఆటగాడు మూడు నాలుగేళ్లకే ఇంటిదారి పట్టే లీగ్‌లో ఇది చాలా పెద్ద ఆయుష్షు. సుమారు 365 పౌండ్లు, అంటే 165 కిలోల మనిషి. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టే శాక్‌ల లెక్కతో తూచితే మాత్రం తేలిపోతాడు. అదే కాలంలో ఆడిన మరో డిఫెన్సివ్ లైన్‌మన్ రెజీ వైట్‌కు 198 శాక్‌లు ఉంటే, అతనికి అందులో అయిదో వంతు కూడా లేవు. 2001లో షికాగోలో అతనూ కీత్ ట్రేలరూ గోడలా నిలబడితే, వాళ్ల వెనక బ్రయన్ అర్లాకర్ అనే కుర్ర లైన్‌బ్యాకర్ స్వేచ్ఛగా తిరిగి దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. ఆ ఏడాది వాషింగ్టన్‌కు కూడా, సీజన్‌లో మేటి ఆటగాళ్లకిచ్చే ఆల్‌ప్రో గౌరవం దక్కింది. అంటే ఆట తెలిసినవాళ్లు అంకెలు లేకపోయినా చూడగలిగారు.

భారతీయ పాఠకుడికి ఇక్కడ భగవద్గీత చెప్పిన నిష్కామ కర్మ గుర్తురావడం సహజం. కానీ ఈ పోలిక ఎక్కువ దూరం రాదు. ఫలం మీద ఆశ వదులుకున్న మనిషి కాదు నోస్ టాకిల్. ఫలాన్ని డాలర్లలో, ముందుగా కాగితం మీద రాయించుకుని మరీ తీసుకుంటాడు. అతనికి దక్కనిది పేరు మాత్రమే, అది కూడా తను వదులుకున్నది కాదు, ఆట నిర్మాణమే దక్కనివ్వదు. దొరకనిదాన్ని వైరాగ్యంగా లెక్కగట్టడం పొరపాటు.

ఇంతకంటే బాగా నప్పే ఆలోచన తత్వవేత్త అలస్డెయిర్ మాకింటైర్ 1981లో ప్రచురించిన ‘ఆఫ్టర్ వర్చూ’లో ఉంది. ఒక సాధనలో లోపల దొరికే మేళ్లు, బయట దొరికే మేళ్లు వేరని ఆయన వాదన. డబ్బు, పదవి, కీర్తి ఏ దారిలోనైనా సంపాదించుకోవచ్చు. సాధన లోపలి మేలు మాత్రం ఆ సాధన చేసేవాడికే అందుతుంది, దాన్ని గుర్తుపట్టడానికి కూడా ఆ అనుభవమే కావాలి. నేర్పుగా బంతి విసరడం ఒక్కటే సాధన కాదని, ఫుట్‌బాల్ ఆట మొత్తంగా సాధన అవుతుందని ఆయన ఉదాహరణ కూడా ఇచ్చాడు. (ఆ తర్వాత ఆయన ఏళ్ల తరబడి పాఠాలు చెప్పింది నోటర్ డేమ్‌లో, ఫుట్‌బాల్‌కే పేరుమోసిన విశ్వవిద్యాలయంలో.) సెంటర్ భుజం ఏ వైపు వాలుతోందో పసిగట్టడం, ఎదుటివాడి కంటే కిందుగా వెళ్లి అతని ఛాతీకి చేతులు ఆనించడం, ఇద్దరి బరువు మీద పడ్డా నడుం వంగనివ్వకపోవడం వంటివన్నీ లోపలి మేళ్లే. వాటికి అసలైన సాక్షి ఎదురుగా నిలబడి నెట్టలేకపోయిన సెంటరే. మాకింటైర్ సాధననూ దాన్ని నడిపే సంస్థనూ కూడా విడదీస్తాడు. సంస్థ చూపు ఎప్పుడూ బయటి మేళ్ల మీదే ఉంటుంది. సాధన ఆటగాడిది, సంస్థ జట్టు యజమానిది అనుకుంటే వాషింగ్టన్ కథలో చాలా సంగతులు వాటంతటవే సర్దుకుంటాయి.

సర్దుకోనిది 2003 ఆగస్టులో జరిగిన బేరం. అంతకుముందు సీజన్‌లో పరుగు దాడిని ఆపలేక న్యూ ఇంగ్లాండ్ లీగ్‌లో దాదాపు అట్టడుగున తేలింది. దాంతో డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో తన వంతును షికాగోకు ఇచ్చి అతన్ని తెచ్చుకుంది. ధర ఉన్నదాని స్థానంలో సమానమైన మరొకదాన్ని పెట్టవచ్చని, ధరకు అతీతమైనదానికి మర్యాద ఉంటుందని కాంట్ 1785లో రాశాడు. ఆ కొలతలో ఒక మనిషికి బదులుగా ఇంకా పేరైనా తెలియని కుర్రవాణ్ణి ఎంచుకునే హక్కును ఇవ్వడం అవమానంలా తోస్తుంది. అయితే పనిలో నేర్పుకూ శ్రద్ధకూ మార్కెట్ ధర ఉంటుందని అదే చోట కాంట్ ఒప్పుకున్నాడు. చేతులు మారింది నేర్పు మాత్రమే, మనిషి కాదు అని జట్లు వాదించవచ్చు. వాదన బాగానే ఉంది, కానీ ఈ నేర్పును ఒంటినుంచి విడదీసి పంపలేరు. కొత్త జట్టు తరఫున రెండో మ్యాచ్‌లోనే కాలు విరిగింది వాషింగ్టన్‌కు. కోలుకుని వచ్చి, 2004 ఫిబ్రవరి 1న కెరోలైనా మీద 32-29తో గెలిచిన లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్‌లో ఆడాడు. కొద్ది వారాలకే ఓక్లండ్‌కు వెళ్లిపోయాడు. అతని చోటు నింపడానికి న్యూ ఇంగ్లాండ్ ఆ ఏప్రిల్‌లో విన్స్ విల్‌ఫోర్క్‌ను ఎంచుకుంది.

జట్లు మారేవాడికి నిష్ఠ లేదని అభిమానులు తేలిగ్గా అనేస్తారు. వాషింగ్టన్ తండ్రి పేరు కూడా టెడ్ వాషింగ్టనే. ఆయన 1973 నుంచి 1982 దాకా హ్యూస్టన్ ఆయిలర్స్ ఒక్క జట్టుకే, అదీ లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. తండ్రిది నిష్ఠ, కొడుకుది బేరం అనుకోవడానికి ఇది సరిపోయే కథలా ఉంటుంది. కానీ తండ్రి కాలంలో ఒప్పందం ముగిసినా మరో జట్టుకు వెళ్లే దారి దాదాపు మూసే ఉండేది. తలుపు తెరవని గదిలో కూర్చున్నవాణ్ణి చూసి అతనికి ఆ గది మీద ఎంత ప్రేమో అనలేం. ఆ తలుపు 1993లో తెరుచుకుంది. అందుకోసం ఆటగాళ్లు లీగ్ మీద వేసిన దావాలో ముందున్న పేరు రెజీ వైట్‌ది. అతను బాప్టిస్ట్ బోధకుడు కూడా. ఏ జట్టుకు వెళ్లాలో దేవుణ్ణి అడిగి గ్రీన్‌బేకు వెళ్లానని చెప్పుకున్నాడు. దేవుడి మాటా, గ్రీన్‌బే నాలుగేళ్లకు ఇస్తామన్న 1.7 కోట్ల డాలర్లూ ఒకే దిక్కు చూపించాయి. దీన్ని ఎగతాళి చేయడం సులువే. దైవాజ్ఞను, స్వేచ్ఛగా ఎంచుకోవడాన్ని ఒకే నిర్ణయంలో ఇమిడ్చిన మనిషిగా చూస్తే మాత్రం అది నిజమైన మతప్రశ్న అవుతుంది.

అమెరికన్ తత్వవేత్త జొసయా రాయిస్ 1908లో నిష్ఠ గురించి ఒక పుస్తకమే రాశాడు. మనిషి ఇష్టపూర్వకంగా ఒక ఆశయానికి అంకితం కావడమే ఆయన దృష్టిలో నిష్ఠ. ఇష్టం అన్నమాట తీసేస్తే నిర్వచనం కూలిపోతుంది. ఈ కొలతలో తండ్రి పదేళ్ల గురించి ఏమీ తేల్చలేం. కొడుకు విషయంలో జెర్సీ రంగు ఏడు రకాలుగా మారినా నిలబడిన చోటు మారలేదు. 2006లో క్లీవ్‌లాండ్‌కు వెళ్లినప్పుడు అక్కడి ప్రధాన కోచ్ రోమియో క్రెనెల్, న్యూ ఇంగ్లాండ్‌లో డిఫెన్స్ నడిపినవాడే. సంస్థ వదిలేసిన మనిషిని ఆ సాధన తెలిసినవాడు వెతుక్కుంటూ రావడం ఈ వృత్తిలో కొత్త కాదు.

ఈ నిష్ఠకు కట్టే మూల్యం శరీరం. ప్రతి ఆటలోనూ తలలు ఢీకొనే చోటు డిఫెన్సివ్ లైన్. మెదడు దెబ్బల మీద మాజీ ఆటగాళ్లు వేసిన దావాలో రాజీని ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ కోర్టు 2015లో ఆమోదించింది. జబ్బు ఏది, ఏ వయసులో తేలింది, ఎన్ని సీజన్లు ఆడారు అన్నవాటిని బట్టి అందులో పరిహారం లెక్కగడతారు. అయిదు సీజన్లు నిండితే పూర్తి మొత్తం, తక్కువైతే కోత. ఏ జట్టుకు ఆడారన్న దాంతో ఆ లెక్కకు పని లేదు.