మెడ పెట్టని ఘనులు

ధ్యాన వాక్యభాగము: నెహెమ్యా 3వ అధ్యాయము



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మనలో అనేకులు చదువక దాటిపోవుదురు. పేర్లు, మరల పేర్లు, అంతయు పేర్లే. అయినను పరిశుద్ధాత్ముడు ఆ పట్టీని ఊరకనే వ్రాయించలేదు. ప్రధాన యాజకుడు గొఱ్ఱెల గుమ్మమును కట్టెను. బంగారపు పనివారు కట్టిరి, వర్తకులు కట్టిరి. తక్కెడ తప్ప మరేమియు ఎత్తి యెరుగని చేతులు ఆ దినములలో రాళ్లెత్తినవి. అయిదవ వచనమునొద్ద మాత్రము ఒక మచ్చ కనబడును. తెకోవీయులు ప్రాకారమును బాగుచేసిరి గాని వారి ఘనులు పనికి రాలేదు. హెబ్రీ మూలములో ఆ మాట, వారు తమ మెడను పనిక్రింద పెట్టలేదను భావముతో నున్నది. కాడిక్రింద ఎద్దు పెట్టు మెడ యది. కావడి మోసిన కొండవారికి దీనిని నేను వివరింపనక్కరలేదు. ఘనులు రాకపోయినను తెకోవీయులు ఆగలేదు. 27వ వచనము చూడుడి, వారు మరియొక భాగమును కూడ కట్టిరి.

మన ఏజెన్సీలో కూలి లేని పని అనగానే ప్రేమసేవ జ్ఞాపకము రాదు, వెట్టి జ్ఞాపకము వచ్చును. నర్సీపట్నము నుండి చింతపల్లికి బాట వేయించిన కాలములో గూడెము తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలికి కొండవారిచేత చాకిరి చేయించెను. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనులు లేచుటకు అదియొక కారణము. పొరుగువానిచేత జీతము లేక పని చేయించుకొని ఇల్లు కట్టుకొనువానికి శ్రమ కలుగునని యిర్మీయా కూడ హెచ్చరించెను (22:13). కాబట్టి దేవుని పేరట ఉచితముగా మోయ రండని మనము పిలుచునప్పుడు, పిలుచువాని మెడ ఎక్కడ నున్నదని బీదవాడు అడిగిన యెడల అది న్యాయమైన ప్రశ్నయే.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన పని యొకటి కలదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రములో క్లారెన్స్ జోర్డన్ అను బాప్తిస్టు బోధకుడు 1942లో కొయినోనియా అను పొలమును స్థాపించెను. నల్లవారును తెల్లవారును అచ్చట ఒకే బల్లయొద్ద భుజించిరి. అందుకు పొరుగువారి ద్వేషమును సహించిరి. మిల్లర్డ్ ఫుల్లర్ అను ధనవంతుడు తన ఆస్తిని విడిచి, భార్యయైన లిండాతో అచ్చటికి వచ్చెను. వారు తలపెట్టిన ఆలోచన 1976లో హ్యాబిటాట్ ఫర్ హ్యూమానిటీ అను సంస్థ అయ్యెను. దాని మొదటి పద్ధతి యిది: ఇంటివారు తామే చెమటోడ్చవలెను, వారితోకూడ స్వచ్ఛంద సేవకులు పని చేయుదురు. ఇంటి ఖర్చును కొద్దికొద్దిగా తీర్చవలెను గాని లాభము లేదు, వడ్డీ లేదు. నిర్గమకాండము 22:25 వారికి ఆధారము. తిరిగి వచ్చిన సొమ్ముతో మరియొకని గోడలు లేచును. ఈ పని మన దేశములో మొదట అడుగుపెట్టినది తెలుగు నేలమీదనే, 1983లో ఖమ్మములో. 2006లో మహారాష్ట్రలోని లోనావాలా యొద్ద 100 ఇండ్లు కట్టుటకు వచ్చినవారిలో ఆ దేశపు మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉండెను. అప్పటికి ఆయనకు 82 ఏండ్లు. అట్టివారు కట్టిన గోడకంటె మన మేస్త్రీ కట్టిన గోడ తిన్నగా నుండునని ఎవరైన నవ్వవచ్చును. నవ్వనిండు. మెడ పెట్టెనా లేదా అనునదే నెహెమ్యా పట్టీలోని లెక్క.

ఇప్పుడు మన అరకు కొండలకు రండి. 2023లో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకములో మిక్కిలి వెనుకబడిన గిరిజన తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలు ఏర్పరచిరి. అది మేలే. గాని ఆ సొమ్ము పని సాగినకొలది విడతలుగా వచ్చును. జీపు బాట క్రింద ఆగిపోవు ఊరికి సిమెంటు బస్తా, ఇటుక, ఇనుము భుజముమీదనే ఎక్కవలెను. మోత కూలికే చేతిలోని సొమ్ము కరిగిపోయినచో పునాది పునాదిగానే నిలుచును; గోడ లేవనిదే తరువాతి విడత రాదు. అప్పుడు ఆ ఇంటివాడు సంతకు దిగి సావుకారును ఆశ్రయించును. రాబోవు మిరియాలు, కాఫీ పంట వడ్డీక్రింద పోవును. నెహెమ్యా 5వ అధ్యాయములోని మొఱ్ఱ యిదే కాదా?

మనయొద్ద లక్షలు లేవు. భుజములున్నవి. కాఫీ పండ్ల కోత ముగిసిన తరువాత, వానలు పడకముందు, ప్రతి సంఘమును తన చుట్టునున్న ఊళ్లలో పునాదియొద్ద ఆగిన ఇల్లు ఒకటి వెదకవలెను. బస్తాలను ముందుగా తెచ్చి పెట్టకుడి. మన మంచుకు సిమెంటు గడ్డకట్టును. మేస్త్రీకి కూలి ఇయ్యుడి, అది అతని జీవనము. మోత మాత్రము మనది. ఆ ఇల్లు విశ్వాసిది కాకపోయినను వెళ్లుడి. మోసిన బస్తాను ఎరగా చూపి వానిని గుడికి రమ్మని అడుగుట మాత్రము తగదు. అది వేరొక విధమైన వడ్డీ.

మొదటి కావడి పాస్టరుగారిది, రెండవది సంఘ పెద్దలది. షల్లూము కుమార్తెలు తండ్రితోకూడ ప్రాకారము కట్టిరని 12వ వచనములో నున్నది గనుక స్త్రీలు వంటయొద్దనే యుండవలెనని ఎవరును చెప్పకుందురు గాక. ఆ దినపు అన్నమునకు స్త్రీల సమాజమువారు దాచిన పిడికెడు బియ్యము వాడవచ్చును. ఇంటివారు, మేస్త్రీ, మోసినవారు, అందరును ఒకే పంక్తిలో కూర్చుండి తినవలెను.