వంకర కజ్జికాయ

పండగ పిండివంటలు పిల్లల చేత చేయించాలని ఉపదేశించేవాళ్ళెవరూ, ఆ తర్వాత వంటిల్లు కడిగేవాళ్ళు కారేమోనని నాకో అనుమానం. ఆరేళ్ళ పిల్ల పక్కన కూచుని సాయం చేస్తే గంట పని రెండు గంటలవుతుందని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. కజ్జికాయల్లోకి కొట్టుకున్న పుట్నాలపప్పు పొడీ, కొబ్బరీ, పంచదారా సగం పీట మీదా, పావు నోట్లోనూ పోగా, మిగిలిన పావే లోపలికి వెళ్తుంది. అయినా పిలుస్తాం. ఫోను మీద నాలుగు నొక్కులు నొక్కితే కిలో అరిసెలు గుమ్మంలోకి వచ్చే ఈ రోజుల్లోనూ పిలుస్తాం. పండగంటే తినడమే కాదు, చెయ్యడం కూడానని మనకి తెలుసు కనక.

ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ పిల్ల చేత్తో మడిచిన వంకర కజ్జికాయ దగ్గరే వస్తుంది. దాన్నేం చెయ్యాలి?

చాలామంది తల్లులు చేసేదొకటే. "అబ్బ, ఎంత బాగా చేశావే!" అంటారు. పిల్ల మంచినీళ్ళకి లేవగానే దాన్ని విప్పి, మళ్ళీ ఒత్తి, చెక్కలో పెట్టి నొక్కి, అర్ధచంద్రుడిలాంటి కాయని తీసి నూనెలో వేస్తారు. సాయంత్రం "నువ్వు చేసిందే నాన్నగారు తిన్నారు" అని చెబుతారు. ఇది అబద్ధమా, ముచ్చటా?

అబద్ధమే అయితే మాత్రం తప్పేమిటంటారా? భాగవతంలో శుక్రాచార్యులవారు బలిచక్రవర్తికి కొన్ని మినహాయింపులు చెప్పారు. పెళ్ళి విషయంలోనూ, ప్రాణం మీదికొచ్చినప్పుడూ బొంకినా పాపం లేదన్నారు. అందులో కజ్జికాయ లేదుగానీ, కలుపుకోవచ్చులే అని మన ధైర్యం. జర్మనీ దేశపు తత్త్వవేత్త కాంట్‌ది రెండో కొస. ప్రాణం తీయడానికి వచ్చినవాడు నీ స్నేహితుడెక్కడని అడిగినా సరే, అబద్ధమాడకూడదని ఆయన 1797లో వ్యాసమే రాశాడు. ఆయన పెళ్ళే చేసుకోలేదు, పిల్లలతో పిండివంటలు వండడమంటే ఆయనకేం తెలుసని తోసెయ్యచ్చు. కానీ, బలి కూడా గురువుగారి మాట వినలేదన్న సంగతి మరిచిపోకూడదు కదా!

శాస్త్రాలని పక్కన పెట్టి పిల్లల్నే చూద్దాం. మా వీధిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి, తను చేసిన కాయని గుర్తుపట్టడానికి అంచు మీద గోటితో మూడు గాట్లు పెట్టుకుంది. పండగనాడు డబ్బా అడుగుదాకా వెతికింది. దొరకలేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు. మరుసటేడు వాళ్ళమ్మ పిలిస్తే "నాకు హోంవర్కుంది" అందిట. సంక్రాంతి సెలవుల్లో హోంవర్కేమిటో చూడండి అని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అక్కడ పోయింది కజ్జికాయ కాదు. "బాగుంది" అని అమ్మ అన్న మాటకున్న విలువ. రేపు ఆ పిల్ల పరీక్ష తప్పి ఇంటికొచ్చిననాడు, "ఫరవాలేదమ్మా" అని తల్లి అంటే ఆ మాట నిలబడాలా వద్దా?

అలాగని "ఛీ, ఇదేం కాయే!" అనమని కాదు. వంకరల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, సరిగ్గా మూసుకోని అంచు. అది నూనెలో పడగానే నోరు తెరుస్తుంది. లోపలి పొడి జారి మాడిపోతుంది. ఆ నల్లని నలుసులు తర్వాత వేసే వాయిలన్నిటికీ అంటుకుంటాయి. అది ఒక్క కాయతో పోయే నష్టం కాదు. అక్కడ నోరు విప్పి చెప్పాలి. "అంచుకి తడి రాసి గట్టిగా నొక్కమ్మా, లేకపోతే విచ్చుకుంటుంది" అని, పిల్ల చూస్తుండగా, పిల్ల చేతే నొక్కించాలి. రెండోది ఉత్త వంకర. పొట్ట ఒకవైపు ఉబ్బి, తోక ఇంకోవైపు తేలి, చేపలాగానో చిలకలాగానో ఉంటుంది. దానివల్ల ఎవరికి నష్టం? రుచేమన్నా మారుతుందా? దాన్ని మనం దిద్దేది వచ్చేపోయేవాళ్ళ నోటికి జడిసి.

తెలంగాణలో సకినాలు చుట్టే ఇళ్ళలో చూడండి. బట్ట పరుచుకుని, చుట్టూ నలుగురు కూచుని, వామూ నువ్వులూ కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ళతో మెలేస్తూ వరసలు వరసలుగా చుడతారు. ఆ విద్య ఎవరికీ మొదటిరోజే పట్టుబడదు. పిల్లల చేతిలో పిండి తెగుతుంది, చుట్టు చెదురుతుంది. ఇల్లు కడుతూ కడుతూనే మనిషి తాపీపని నేరుస్తాడనీ, న్యాయంగా నడుస్తూ నడుస్తూనే న్యాయవంతుడవుతాడనీ అరిస్టాటిల్ చెప్పాడు. తను చుట్టింది తన కళ్ళముందు వేగకపోతే ఏ పిల్లకైనా చెయ్యి తిరిగేదెట్లా?

ఇంకో సంగతి. ఆ వంకర కాయ మగపిల్లాడు చేస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోయి, ఇక చాల్లే వెళ్ళి ఆడుకో నాయనా అంటారు. పదేళ్ళ ఆడపిల్ల చేస్తే మాత్రం, రేపు అత్తారింట్లో ఏమంటారే అని మొదలు. వాడికి దక్కని నిజమూ, దానికి దక్కని మెప్పూ రెండూ అన్యాయాలే. చెప్పేదేదో ఇద్దరికీ ఒకటే చెబితే, వాడికి వంటా వస్తుంది, దానికి ధైర్యమూ వస్తుంది.

పండగపూట నలుగురూ వచ్చినప్పుడు పళ్ళెంలో తీరైనవి పైకీ, వంకరవి అడుక్కీ సర్దడం మనకలవాటు. ఈసారి ఆ వంకర కాయని పైవరసలోనే పెట్టి చూడండి. "ఇదెవరు చేశారండీ?" అని ఎవరో ఒకరు అడక్కపోరు. ఆ ప్రశ్న కోసమే తలుపు చాటున ఒకరు ఊపిరి బిగబట్టి నుంచుని ఉంటారు.