గ్లాసు మీద గీత

మా వంటింట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది. సగానికి కాస్త పైన దాని మీద మేకుతో గీసిన గీత ఒకటి కనిపిస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళు, "పేరు కొట్టించబోయి మానేశారా?" అని అడుగుతుంటారు. ఔనని ఊరుకుంటాను. ఆ గీత గీసింది నేనే. అక్కడిదాకా పోస్తే 150 మిల్లీలీటర్లు. రోజుకి అలాంటివి ఏడు. మిగతాది కాఫీ, మజ్జిగ, పులుసు కింద జమ. అంతా కలిపి లీటరున్నర దాటకూడదు. అది మా మామగారి నీళ్ళ లెక్క.

మాది కలిదిండి. మా ప్రాంతం ఎరిగినవాళ్ళకి ఈపాటికి నవ్వొచ్చి ఉంటుంది. ఎటు చూసినా నీళ్ళే కదా! ఒకప్పుడు వరి పండిన చేలు చేపల చెరువులైపోయాయి. ఇన్ని నీళ్ళ మధ్యనా తాగే నీళ్ళు మాత్రం టిన్నుల్లో కొనుక్కుంటాం. బోరు వేస్తే పడేది ఉప్పునీరు మరి. అలాంటి ఊళ్ళో, చెరువు గట్టు మీదే జీవితం గడిపిన మనిషికి నేను గీత గీసి నీళ్ళు పోశాను.

2017లో ఏలూరులో చూపిస్తే డాక్టరుగారు "హార్ట్ ఫెయిల్యూర్" అన్నారు. మా అత్తగారు అక్కడే బెంచీ మీద కూలబడిపోయారు. మనకి హార్టు ఫెయిలయిందంటే ఒకటే అర్థం కదా! ఎదురుగా మనిషి కూర్చుని చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే ఈయనేమిటి ఇలా అంటారని నేనూ తెల్లబోయాను. గుండె ఆగిపోవడం కాదట. రక్తాన్ని ముందుకు తోసే బలం తగ్గడమట. అలా తగ్గితే నీరు వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకీ, పొట్టలోకీ, కాళ్ళలోకీ చేరుతుందట.

మామగారు అంతా విని, "అంటే ఉప్పుటేరు పూడిపోయిందన్నమాట" అన్నారు.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీళ్ళని కొల్లేటి నించి సముద్రానికి చేర్చేది ఉప్పుటేరు. అది లాగకపోతే ఎగువనున్న ఊళ్ళు మునుగుతాయి. ఆయన వరదలు చూసిన మనిషి. తన జబ్బుని మాకంటే ముందు ఆయనే అర్థం చేసుకున్నారు.

ఇంక నా ఉద్యోగం మొదలైంది. పొద్దున్నే కాఫీకి ముందు బరువు చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే, వెంటనే ఫోను చెయ్యాలి. పాదం మీద బొటనవేలితో నొక్కి సొట్ట ఎంతసేపటికి పూడుతుందో చూడాలి. నీరు లాగే మాత్ర పొద్దున్నే వెయ్యాలి, లేకపోతే రాత్రంతా లేవాల్సి వస్తుంది. డబ్బాలో డిజాక్సిన్ అని ఇంకో చిన్న మాత్ర ఉండేది. దాని కథ నాకు భలే ఇష్టం. ఇంగ్లండులో ఒక ముసలమ్మ ఉబ్బురోగానికి రహస్యంగా కషాయం ఇచ్చేదట. ఇరవై రకాల ఆకుల్లో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఒక్కటేనని విథరింగ్ అనే డాక్టరు కనిపెట్టి 1785లో పుస్తకం రాశాడు. డిజాక్సిన్ ఆ జాతి మొక్కలోంచి వచ్చిందే. పుస్తకం మీద ముసలమ్మ పేరు లేదనుకోండి! అది వేరే వ్యాసం.

అన్నిటికన్నా కష్టం ఉప్పు. ఊరగాయ లేదు, అప్పడం లేదు, ఉప్పుచేప మాటే లేదు. మేం భోజనాలు చేసేటప్పుడు ఆవకాయ జాడీ వాసన ఆయనదాకా పోకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసేదాన్ని. అన్నీ పుస్తకంలో రాసేదాన్ని. డాక్టరుగారు ఆ పుస్తకం చూసి, "ఇలాంటి కోడలుంటే సగం వైద్యం అయినట్టే" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ మాటతో నేను ఆర్నెల్లు బతికాను.

ఈ జబ్బులో ఒక మోసం ఉంది. కాన్సరైతే చాలామటుకు మనిషి దిగిపోతున్నట్టు కళ్ళకి కనిపిస్తుంది, మనసు మెల్లిగా సిద్ధపడుతుంది. ఇది అలా కాదు. ఒక రాత్రి హఠాత్తుగా ఊపిరాడదు. కారు పిలవడం, కైకలూరు మీదుగా ఏలూరు పరుగెత్తడం, ఆక్సిజన్ పెట్టడం. హైదరాబాదు నించి ఆడపడుచులు ఏడుస్తూ దిగేవారు. నాలుగో రోజుకి ఆయన లేచి కూర్చుని, చెరువుకి మేత వేశారా అని అడిగేవారు. అలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి ఆడపడుచులు, "ఎలా ఉందో రేపు చెప్పు వదినా" అని ఫోను పెట్టేశారు. వాళ్ళనీ అనలేం. ఎన్నిసార్లని కడసారి చూపుకి వస్తారు?

ప్రతిసారీ లేచి కూర్చునేవారే గాని, ప్రతిసారీ ఒక మెట్టు కిందే కూర్చునేవారు. ఒక దిండు మూడు దిళ్ళయింది. తరవాత పడుకోవడమే పోయి, రాత్రంతా పడక్కుర్చీలోనే. రెండేళ్ళు అలా గడిచాక, ఒకనాటి తెల్లవారుజామున ఆయన దగ్గు వింటూ, ఇంక ఇది అయిపోతే బాగుండునని నేను అనుకున్నాను. అనుకున్నందుకు ఆ రోజు పుస్తకం మరింత జాగ్రత్తగా రాశాను.

2019 వేసవిలో ఒక రాత్రి. ఏడు గ్లాసులూ అయిపోయాయి. ఆయన, "అమ్మాయ్, ఒక గ్లాసుడు మంచినీళ్ళు. రెండు ముద్దలు ఆవకాయ కలిపి పెడితే తిని పడుకుంటాను" అన్నారు. ఎన్నడూ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి. నేను పుస్తకం చూశాను. "రేపు పొద్దున్న ఇస్తాను మావయ్యగారూ" అన్నాను.

"నీ పుస్తకంలో రేపు ఉందా అమ్మాయ్?" అన్నారు. కోపంగా కాదు. నిజంగానే అడిగారు.

తడిగుడ్డతో పెదవులు తుడిచి వచ్చేశాను. ఆ తరవాత ఆయన పద్దెనిమిది రోజులున్నారు. మళ్ళీ ఏదీ అడగలేదు. పోయే రోజున ఇల్లంతా జనం. ఒకరి తరవాత ఒకరు వంగి నోట్లో తులసి నీళ్ళు పోశారు. ఎన్ని చెంచాలో ఎవరూ లెక్క పెట్టలేదు. మింగే శక్తి లేక చెంపల మీదుగా కారిపోయాయి.

ఈ మధ్య మా అబ్బాయి ఫోనులో రెండు సంగతులు చదివి వినిపించాడు. 2022లో ఆరు దేశాల్లో, ఈ జబ్బున్న 806 మంది మీద చేసిన పరిశోధన ఫలితం వచ్చిందట. ఉప్పు బాగా బిగించినవాళ్ళకి చావుల్లోగాని, ఆస్పత్రి పాలవడంలోగాని తేడా కనిపించలేదట. 2025లో నెదర్లాండ్స్‌లో 504 మందిలో సగం మందిని లీటరున్నర దాటవద్దన్నారు, సగం మందిని దాహమైనంత తాగమన్నారు. మూడు నెలల తరవాత చూస్తే కొలుచుకుని తాగినవాళ్ళకి చెప్పుకోదగ్గ మేలు లేదు. దాహం మాత్రం వాళ్ళకే ఎక్కువ! అయితే వాళ్ళంతా జబ్బు అదుపులో ఉన్నవాళ్ళు, మామగారిలా కుర్చీకి అంటుకుపోయినవాళ్ళు కాదు. కాబట్టి ఇది చదివి మీ ఇంట్లో లెక్కలు మార్చెయ్యకండి, డాక్టరుని అడగండి.

"అప్పుడు నీకు తెలిసింది నువ్వు చేశావమ్మా" అన్నాడు వాడు. నిజమే. ఆ గీత మొదటి రోజుల్లో ఆయనకి ఊపిరినిచ్చింది, అది నేను కళ్ళారా చూశాను. నన్ను కుదిపేది వేరే. మనిషిని నిలబెట్టడానికి గీసిన గీతని, ఇంక నిలబెట్టలేమని తేలాక చెరపాలి కదా! ఆ రోజు ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేదు. ప్రతిసారీ లేచి కూర్చునే జబ్బులో ఆ రోజుకి మొహం ఉండదు. కాని నేను అడిగానా? "డాక్టరుగారూ, ఇంకా ఈ లెక్క ఎందుకోసం?" అని ఒక్కసారైనా అడగలేదు. మామగారినైతే అసలే అడగలేదు. లెక్క ఉన్నంతసేపూ చేతికి పని ఉంది, పని ఉన్నంతసేపూ ఆయన మొహంలోకి చూసే అవసరం లేదు. మీలో రోగికి సేవ చేసినవాళ్ళుంటే నా మాట అర్థమవుతుంది.

ఇప్పుడు చట్టం వచ్చిందంటారు. మన చివరి రోజుల్లో వెంటిలేటరు వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. ముందు మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, 2023లో దాన్ని సులువు చేసి నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో రాసుకోవచ్చన్నారు. మంచిదే. కాని ఆవకాయ ముద్ద సంగతి ఏ నోటరీ రాస్తాడు? మామగారు వెంటిలేటరు దాకా పోనే లేదు. ఆయనకి కావలసినదాన్ని ఆపింది యంత్రం కాదు, నేను.

ఈ మాటలే ఒకనాడు మా అత్తగారి దగ్గర అని కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంపుతూ, తల ఎత్తకుండా, "నీళ్ళు నేనిచ్చేదాన్నేలే" అన్నారు.

"ఎప్పుడు?"

"నువ్వు పడుకున్నాక. రోజూ కాదు. మరీ నాలుక పిడచగట్టినప్పుడు."

లోపలికెళ్ళి పాత పుస్తకం తీశాను. అక్కడక్కడ కారణం తెలియకుండా అరకిలో, ముప్పాతిక కిలో పెరిగిన రోజులున్నాయి. పక్కన ఎర్ర సిరాతో నేను వేసిన ప్రశ్నార్థకాలు. ఆ నీళ్ళే ఆయన్ని ఒకసారి ఏలూరు చేర్చాయేమో. ఆ నీళ్ళ వల్లే ఆయన ఆ రాత్రులు గడిపారేమో. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలో, కాళ్ళకి దణ్ణం పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అత్తగారికి ఇప్పుడు 78. బీపీ ఉంది, ఉప్పు తగ్గించమన్నారు. మొన్న ధైర్యం చేసి పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, మీకు బాగా లేనప్పుడు నేను ఎలా చూసుకోవాలనుకుంటున్నారు? ఇప్పుడే చెప్పండి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"అది తరవాత చెప్తాలే. ముందు ఆ పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడు" అన్నారు.

చూశాను. చాలలేదు.