అభయమే తొలి మెట్టు

భగవద్గీత పదహారో అధ్యాయం దైవీసంపదను, అంటే మనిషిని భగవంతుని వైపు నడిపించే 26 సద్గుణాలను పేర్కొంటూ, వాటిలో అభయానికి మొదటి స్థానమిచ్చింది. భయం పీడించే మనసులో సత్యం గాని దయ గాని నిలదొక్కుకోలేవు గనుక తక్కిన గుణాలకు అభయమే ఆధారం. అది పుట్టుకతో వచ్చేది కాదని, సాధనతో అంచెలంచెలుగా పెరిగేదని పాకిస్తాన్‌లోని స్వాత్ లోయకు చెందిన మలాలా యూసఫ్‌జాయ్ బాల్యం తెలుపుతుంది.

2009 జనవరి 15 తర్వాత ఆడపిల్లలెవరూ బడికి వెళ్లరాదని తాలిబన్లు హుకుం జారీచేసిన రోజుల్లో, మింగోరా పట్టణంలో చదువుకుంటున్న పదకొండేళ్ల మలాలా, ‘గుల్ మకాయ్’ అనే మారుపేరుతో బీబీసీ ఉర్దూ విభాగానికి దినచర్య రాసింది. ఒకనాడు బడి నుంచి వస్తుండగా వెనక ఎవరో చంపుతానని అనడం విని వడివడిగా నడిచిన ఆ బాలిక, కాస్త ఆగి తిరిగి చూసి, అతడు ఫోనులో మరెవరినో బెదిరిస్తున్నాడని తెలిశాక ఊపిరి పీల్చుకుంది. ఆ భయాన్ని ఆమె దాచుకోకుండా రాసింది గాని, దానికి లొంగి బడి మానలేదు. ప్రవక్తకు అందిన తొలి దైవవాణి చదవమన్న ఆదేశమేనని విశ్వసించే ఇస్లాం మతంలో పుట్టిన ఆమెకు చదువు ధర్మవిరుద్ధంగా తోచలేదు.

క్రమంగా మారుపేరు వీడి, సొంత పేరుతో వేదికలెక్కిన మలాలాపై 2012 అక్టోబరు 9న బడి బస్సులోనే కాల్పులు జరిగాయి. బ్రిటన్‌లో చికిత్సతో కోలుకుని, 2013లో తన పదహారో పుట్టినరోజున ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించిన ఆమె, కాల్చినవాడు ఎదుట నిలిచినా, చేతిలో తుపాకి ఉన్నా అతణ్ణి కాల్చనని ప్రకటించి, ఆ అహింసను గాంధీజీ, బాద్షా ఖాన్, మదర్ థెరిసాల నుంచి నేర్చుకున్నానని చెప్పింది. గీత అభయంతో పాటు అహింసను, అక్రోధాన్ని, అంటే కోపానికి లోనుకాని స్థితిని కూడా దైవీసంపదగానే ఎంచిందని గుర్తిస్తే, ఆమె ధైర్యం పరిపూర్ణమైంది ఆ క్షమలోనేనని బోధపడుతుంది.

తాను పొందిన నిర్భయాన్ని ఇతరులకు పంచడాన్ని మన సంప్రదాయం అభయదానమంటుంది. 2014లో కైలాస్ సత్యార్థితో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మలాలా, నేటికీ లోకంలోని బాలికల చదువు కోసమే పాటుపడుతూ ఉంది. చదువు ఆగిపోయిన ఒక్క ఆడపిల్లనైనా తిరిగి బడికి పంపేందుకు పూనుకునే ప్రతి గృహస్థుకూ ఆ దానఫలంలో భాగముంటుంది.