కుటుంబ న్యాయ విద్యార్థి ఎవరి పక్షము?

న్యాయ కళాశాలలో కుటుంబ న్యాయమును ప్రత్యేక విషయముగా ఎన్నుకొనిన విద్యార్థిని తోటివారు కొంత జాలితో చూచుట కలదు. రాజ్యాంగ న్యాయమున కీర్తియు, కంపెనీ న్యాయమున ధనమును లభించును. ఇందు కన్నీరు తప్ప ఏమున్నదని వారి భావము. నాకు ఇంతకంటె కఠినమైన విద్య కానరాదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 6వ సెక్షనులో బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తరువాత' తల్లి అని యున్నది. దీనిని మరణానంతరమనియే చదివినచో, బ్రతికియుండియు బిడ్డ మొగము చూడని తండ్రి యెదుట, ఆ బిడ్డను పెంచుచున్న తల్లి సంతకమునకు విలువ లేదు. 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ మాటకు 'తండ్రి లేని యెడ' అని అర్థము చెప్పి, తండ్రి పూర్తి ఉపేక్షయు ఆ లేమిలో చేరునన్నది. ఒక్క మాట విప్పుటకు 43 ఏండ్లు! భాషాంతరీకరణము చేయువారికి ఇట్టి మాటల బరువు తెలిసినదే.

1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము మరొక చిక్కు తెచ్చినది. అచ్చట న్యాయవాది ద్వారా వాదించుకొనుట కక్షిదారునకు హక్కు కాదు. గెలుపే పరమార్థముగా నేర్చిన విద్య సంసారమున చొరబడరాదని ఉద్దేశము కాబోలు. ఉద్దేశము మంచిదే, కాని మాటకారియగు భర్త యెదుట నోరు విప్పలేని భార్యకు అది మేలు చేయునా? చేయదనియే నా తలంపు.

ఇంతకంటె పెద్ద ప్రశ్న బిడ్డది. పైన చెప్పిన 1956 చట్టమే 13వ సెక్షనులో బిడ్డ క్షేమమే ప్రధానమనుచున్నది. కాని వకాలతునామాపై బిడ్డ సంతకముండదు. తన కక్షిదారుని గెలుపు బిడ్డకు కీడని న్యాయవాది యెరిగినచో? కక్షిదారుని రహస్యము వెల్లడింపరాదు, నిజమే. అయినను వాదమునకు లేచుటకు ముందే ఆ కీడును అతనితో ఏకాంతమున, నిష్కర్షగా చెప్పుటకు ఏ నియమమును అడ్డు రాదు.