తల్లి పటానికి తెల్లరంగు



మనలో చాలామంది ఇళ్లలో తిరుహృదయ పటం ప్రక్కనే, కన్నుమూసిన అమ్మ ఫోటో ఒకటి ఉంటుంది. ఏ పెండ్లిలోనో, రేషను కార్డు కోసమో తీయించుకొన్న చిన్న ఫోటోను స్టూడియోలో ఇచ్చి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పెట్టుకొంటాము. ముఖం మీది ముడతలు, ఎండకు కమిలిన చర్మం, నెరిసిన జుట్టు ఎట్లా ఉంటే అట్లాగే ఉంచుతాము. అది మన అమ్మ గనుక.

1949లో ఒక పేరుమోసిన సినిమా నటి కూడా చనిపోయిన తల్లి పటం గీయించుకొన్నది. పాత ఫోటో ఒకటి ఆధారంగా ఇచ్చింది. తల్లి నల్లని మనిషి. పటంలో మాత్రం ఆమె తెల్లగా కనిపించాలన్నది కూతురి కోరిక. అట్లాగే గీశారు. ఆ నటి ఇండ్లు మారింది, దేశాలు మారింది. తెల్లరంగు వేసిన ఆ తల్లి పటం ఆమె వెంటనే నడిచింది.

ఆ నటి పేరు మెర్ల్ ఓబెరాన్. బ్రిటిష్ చలనచిత్ర రంగంలో 1930లలో వెలిగిన తార. ఈ వారం ఆమె కథను మీ ముందు పెట్టడం ఆమెను తప్పుపట్టడానికి కాదు. ఆ పటంలో మన ముఖం కూడా కొంత కనిపిస్తున్నది గనుక.

బొంబాయి బిడ్డ

మెర్ల్ 1911 ఫిబ్రవరి 19న మన దేశంలోనే, బొంబాయిలో పుట్టింది. అసలు పేరు ఎస్టెల్ మెర్ల్ థాంప్సన్. ఇంట్లో ముద్దుగా 'క్వీనీ' అని పిలిచేవారు. తండ్రి రైల్వేలో పనిచేసిన ఇంగ్లీషువాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో చనిపోయాడు. షార్లెట్ సెల్బీ అనే స్త్రీ ఆమెను పెంచింది. షార్లెట్‌కు సిలోను మూలాలున్నాయి. నర్సు పని తెలిసిన మనిషి. లోకం దృష్టిలో షార్లెటే ఆమె తల్లి.

1917లో వారు కలకత్తా చేరారు. అక్కడ ఒక పేరున్న బడిలో ఆ పిల్లకు ఉచితంగా సీటు దొరికింది. కాని తోటి పిల్లలు ఆమె పుట్టుకను ఎత్తిపొడిచారు. అటు తెల్లవారిలోనూ చేరదు, ఇటు దేశీయులలోనూ చేరదు అని హేళన చేశారు. ఆ పిల్ల బడి మానేసింది. ఇంటివద్దనే చదువుకొని, కొంతకాలం టెలిఫోను ఆపరేటరుగా పనిచేసి, నాటకాలలో వేషాలు వేసింది. 1920ల చివర షార్లెట్‌ను వెంటబెట్టుకొని ఐరోపాకు ఓడ ఎక్కింది.

లండనులో చిన్న చిన్న వేషాలతో మొదలుపెట్టింది. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా దృష్టి ఆమెమీద పడింది. శ్రీసభ చరిత్ర చదివినవారికి ఎనిమిదవ హెన్రీ రాజు తెలిసినవాడే గదా. ఆ రాజు కథతో కోర్డా 1933లో తీసిన చిత్రంలో మెర్ల్ ఆన్ బొలీన్ రాణిగా కనిపించింది. ఉన్నది కొన్ని నిమిషాలే అయినా అందరూ ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకొన్నారు. తరువాత హాలీవుడ్. 1935లో వచ్చిన 'ది డార్క్ ఏంజెల్' చిత్రానికి ఉత్తమ నటిగా ఆస్కారు పోటీలో నిలిచింది. 1939లో 'వదరింగ్ హైట్స్'లో కథానాయిక. పుట్టుపూర్వోత్తరాలు తెలియని నల్లని అనాథను ప్రేమించి, హోదా కోసం అతణ్ణి కాదనుకొనే యువతి పాత్ర అది. ఆ పాత్ర చేస్తున్నప్పుడు ఆమె మనసులో ఏమి మెదిలిందో దేవునికే తెలుసు.

ఇంటిలోని 'పనిమనిషి'

ఎందుకంటే అప్పటికే ఆమెకు ఒక కొత్త పుట్టుక తయారయింది. మెర్ల్ ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో, గౌరవనీయులైన తెల్ల దంపతులకు పుట్టిందని సినిమా ప్రచారకులు కథ అల్లారు. అంత దూరం వెళ్లి విచారించేవాడెవడు? ఆ కథను ఆమె నలభై ఏండ్లకు పైగా మోసింది.

షార్లెట్ లండనులో కూతురి దగ్గరే ఉండేది. ఇంటికి వచ్చిన పెద్దలు ఈ నల్లని ముసలామె ఎవరని అడిగితే పనిమనిషి అని చెప్పేదని ఆమె జీవితకథ రాసినవారు చెబుతున్నారు. తాను పెంచి, చదివించి, సముద్రాలు దాటించిన బిడ్డ అతిథులతో మాట్లాడుతుంటే, ఆ తల్లి పనిమనిషిగా ప్రక్కన నిలిచింది. నోరు విప్పలేదు. 1937లో ఆ మౌనంతోనే కన్నుమూసింది. పన్నెండేండ్ల తరువాత ఆమెకు తెల్లని ముఖంతో గోడమీద చోటు దొరికింది.

ఆ 1937లోనే మెర్ల్‌కు లండనులో కారు ప్రమాదం జరిగి ముఖానికి గాయాలయ్యాయి. తరువాత ఆమెను పెండ్లాడిన ఛాయాగ్రాహకుడు లూసియన్ బల్లార్డ్, ముఖం మీది మచ్చలు కనపడకుండా కెమెరా ప్రక్కనే బిగించే ఒక చిన్న దీపం కనిపెట్టాడు. దానికి ఆమె పేరుమీద 'ఓబీ' అని పేరు పెట్టారు. ముఖం మీది మచ్చ దాచడానికి దీపం దొరికింది గాని, మనసులోని మచ్చకు ఏ దీపమూ దొరకలేదు.

1978లో టాస్మేనియా రాజధాని హోబర్టులో ఆమెకు పౌరసన్మానం ఏర్పాటుచేశారు. మా గడ్డమీద పుట్టిన తార మళ్లీ మా ఊరు వచ్చిందని జనం సంబరపడ్డారు. ఆ సభలో ఆమె ఎక్కువసేపు నిలవలేకపోయింది. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకొన్నది. మరుసటి ఏడు 1979 నవంబరు 23న అమెరికాలో చనిపోయింది.

1983లో వెలువడిన ఒక జీవితచరిత్ర ఆమె బొంబాయి పుట్టుకను బయటపెట్టింది. ఆ తరువాత జనన పత్రం కూడా వెలుగుచూసింది. అందులో ఇంకొక దుఃఖం ఉన్నది. షార్లెట్ ఆమెకు తల్లి కాదు, అమ్మమ్మ. షార్లెట్ కూతురు కాన్‌స్టన్స్, తానే ఇంకా బాల్యం దాటకముందు, ఆ బిడ్డను కన్నది. ఆ పసితల్లి అవమానాన్ని కప్పడానికి అమ్మమ్మ అమ్మగా నిలిచింది. బిడ్డ పరువు కోసం అబద్ధాన్ని నెత్తిన పెట్టుకొన్న ఆ స్త్రీనే, చివరకు ఇంకొక అబద్ధం పనిమనిషిని చేసింది.

చలిమంట దగ్గర అడిగిన ప్రశ్న

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ కథ వింటే పేతురు గుర్తుకు రావడంలేదా? ప్రధానార్చకుని ముంగిట, చలిమంట దగ్గర, ఒక పనిపిల్ల అతణ్ణి అడిగింది. నీవు కూడా ఆయనతో ఉన్నవాడవే గదా అని. పేతురు ఎరుగనన్నాడు. మత్తయి సువిశేషం ఒక చిన్న సంగతి చెబుతుంది: అతని యాసే అతణ్ణి పట్టించింది. గలిలీయ మాట దాగలేదు. దాచాలనుకొన్నకొద్దీ అతడు ఒట్లు పెట్టుకొన్నాడు. ఒక అబద్ధం ఎన్నడూ ఒంటరిగా బ్రతకదు; తనకు తోడుగా ఇంకొకదానిని అడుగుతుంది.

అయితే పేతురు ఎందుకు బొంకాడు? భయపడి. మెర్ల్ కూడా భయపడింది. ఆ భయం ఉత్తిది కాదు. ఆ రోజులలో మిశ్రమ రక్తం అని తెలిస్తే ఆమెకు కథానాయిక వేషం దొరికేది కాదు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను తెరమీద చూపరాదని హాలీవుడ్‌లో నియమం ఉండేది. భారతీయులు పౌరసత్వం పొందడానికి అమెరికా చట్టం 1946 వరకు ఒప్పుకోలేదు. కనుక ఆ తల్లి పటానికి తెల్లరంగు వేసింది కూతురొక్కతే కాదు. బడిలో ఎత్తిపొడిచిన పిల్లలు ఒక పూత వేశారు. నిర్మాతలు ఒక పూత వేశారు. చట్టం ఒక పూత వేసింది.

ఇప్పుడు మన సంగతి చూసుకొందాము. ఊరికి క్రొత్తగా వచ్చినవాణ్ణి, ఇల్లు అద్దెకు అడిగినవాణ్ణి, సంబంధం కోసం వచ్చినవాణ్ణి, "మీరు ఏమిటోళ్లు?" అని ఆరా తీసేది ఎవరు? మనమే గదా. ఆదివారం ఒకే దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించి, గుడిమెట్లు దిగగానే ఆ ప్రశ్న అడిగే నోళ్లు మనవే. పేట పేరు చెప్పడానికి జంకే పిల్లవాణ్ణి అబద్ధాలకోరు అనేముందు, అతనికి ఆ జంకు నేర్పినది ఎవరో ఆలోచించాలి. దాచుకొన్నవాని పాపం ఒకటైతే, దాచుకొనేట్లు చేసినవాని పాపం దానికంటె పెద్దది.

నజరేయుడనే పేరు

మన ప్రభువు పుట్టుకను దాచలేదు. మత్తయి రాసిన వంశావళిలో తామారు, రాహాబు, రూతు పేర్లు ఉన్నాయి. లోకం గుసగుసలాడిన స్త్రీలు, పరజాతి స్త్రీలు. పరిశుద్ధాత్మ వారి పేర్లు కొట్టివేయలేదు. నజరేతునుండి మంచిది ఏమి వస్తుందని నతనయేలు అడిగితే ప్రభువు ఊరు మార్చి చెప్పలేదు. సిలువమీది పలకలో ఆయన పేరుతోపాటు ఆ ఊరి పేరు కూడా ఎక్కింది. మహిమతో లేచిన తరువాత దమస్కు మార్గంలో సౌలుకు తన్ను తాను తెలుపుకొన్నప్పుడు కూడా నజరేయుడననే చెప్పాడు. పరలోక మహిమలోనూ ఆ పల్లెటూరు పేరు ఆయనకు బరువు కాలేదు.

సిలువ క్రింద నిలిచిన మరియతల్లిని చూడండి. మరణశిక్ష పడినవాని తల్లి అని తెలిస్తే నలుగురిలో ఏమి గౌరవం? అయినా ఆమె తప్పుకోలేదు, ఆయనా తల దించుకోలేదు. ఊపిరి అందని ఆ ఘడియలో, అందరి ఎదుట, ఆమెను శిష్యునికి తల్లిగా అప్పగించాడు. నాలుగవ ఆజ్ఞకు ఇంతకంటె వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇది రాస్తున్నవాడు కూడా నిర్దోషి కాడు. నేను గురువిద్యాలయంలో ఉన్న రోజులలో ఒకసారి మా అమ్మ నన్ను చూడటానికి వచ్చింది. కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో గుడ్డసంచి, అందులో వేరుశనగకాయలు. వరండాలో తోటివారు ఉన్నారు. నేను ఆమెకంటె పదడుగులు ముందు నడిచాను. అంతే. నోటితో ఏ అబద్ధమూ చెప్పలేదు. కాని ఆ పదడుగుల దూరం ఏమిటో మా అమ్మకు తెలుసు. ఆమె దానిని గురించి ఎన్నడూ అడగలేదు. నేను పాపసంకీర్తనంలో చెప్పుకొన్నాను. ఆమెకు చెప్పేలోగా ఆమె వెళ్లిపోయింది. మెర్ల్ గీయించుకొన్న పటాన్ని గురించి చదివిన రోజున నాకు నిద్రపట్టలేదు.

2023లో మిషెల్ యో అనే నటికి ఉత్తమ నటి ఆస్కారు వచ్చింది. తాను ఆసియా స్త్రీనని బాహాటంగా చెప్పుకొంటూ ఆ పోటీకి ఎంపికైనవారిలో ఈమే మొదటివారని పత్రికలు రాశాయి. ఎందుకంత జాగ్రత్తగా రాయవలసివచ్చింది? ఎనిమిది దశాబ్దాల క్రితమే బొంబాయి బిడ్డ ఒకతె అక్కడ నిలిచింది గనుక. నిలిచింది గాని, తన పేరుతో నిలవలేకపోయింది. దక్కిన గౌరవం కూడా పూర్తిగా తనది కాలేదు.

పాఠకులారా, మీ అమ్మ బ్రతికి ఉన్నదా? అయితే మీకు ఇంకా సమయం ఉన్నది. ఈ ఆదివారం ఆమెను మీ ప్రక్కనే, ముందు వరుసలోనే కూర్చోబెట్టుకోండి. మీ స్నేహితులు వస్తే, "ఈమె మా అమ్మ" అని పేరుపెట్టి చెప్పండి. అమ్మ లేనివారు ఆ పటం ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి, చెప్పలేకపోయిన మాటను ఇప్పుడు చెప్పండి. ఇంకొకరి ఊరు, పేట, పుట్టుక అడగాలని నాలుక దురదపెట్టినప్పుడు చలిమంట దగ్గరి పేతురును తలచుకోండి.

కోడి కూసిన తరువాత ప్రభువు పేతురువైపు తిరిగి చూశాడని లూకా రాశాడు. ఆ చూపులో కోపం లేదు. అందుకే పేతురు ఏడ్వగలిగాడు, తిరిగి రాగలిగాడు. ఆ చూపు బొంబాయి క్వీనీకి కూడా దొరికి ఉంటుందని నమ్ముదాము. రంగు పూయని తన ముఖంతో షార్లెట్ ఆమెను ఎదుర్కొని ఉంటుందని ఆశిద్దాము. వారిరువురి కోసం, మనం పదడుగుల వెనుక వదిలివచ్చిన వారందరి కోసం, ఈ వారం ఒక జపమాల చెప్పుకొందాము.